ఎండీ పీడియాట్రిక్స్‌లో థియరీ క్లాసులకు వెళ్లాలా, వీడియో లెక్చర్లు చాలవా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఫస్టియర్‌లో నైట్ డ్యూటీ దిగి నిద్రమొహంతో ఎనిమిదింటి క్లాసులో కూర్చోవడం వల్ల ఒరిగేదేమైనా ఉందా అన్నది ఒకటి. దాని బదులు డబ్బు కట్టి వీడియో లెక్చర్లు కొనుక్కుంటే సరిపోదా అన్నది రెండోది. నేను కోస్తాలో ఒక ప్రభుత్వ కాలేజీలో ఎండీ చేసి, ఇప్పుడు చిన్న ఊళ్లో పిల్లల ఆసుపత్రి నడుపుతున్నాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

అన్ని టాపిక్‌లనూ ఒకే గాటన కట్టకండి. ఫ్లూయిడ్స్, ఎలక్ట్రోలైట్లు, యాసిడ్-బేస్, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల్లో రక్తం ఏ దారిన పోతుందన్నది... ఇవి ఎవరైనా బోర్డు మీద గీసి చెబితేనే బుర్రకెక్కుతాయి. వార్డులో తిరుగుతుంటే ఆర్డర్లు రాయడం అలవాటైపోతుంది. కానీ ఎందుకు రాస్తున్నామంటే, సీనియర్ రాశాడు కాబట్టి అన్న జవాబే మిగులుతుంది.

మాకొక ప్రొఫెసర్ గారు ఉండేవారు. పీపీటీ జోలికి పోయేవారు కాదు. చేతిలో మైక్రోడ్రిప్ సెట్ (సన్న చుక్కలు వదిలే సెలైన్ ట్యూబు) పట్టుకొచ్చి, "పిల్లాడు 14 కిలోలు, నోటితో ఏమీ ఇవ్వకూడదు, ఫ్లూయిడ్ రాయండి" అనేవారు. మొదటి పది కిలోలకు కిలోకు 100 మి.లీ., తర్వాతి పదికి 50, ఆపైన 20. ఈ లెక్క అందరికీ నోటికి వచ్చు. రోజుకు 1200, అంటే గంటకు 50 మి.లీ. "సరే, సిస్టర్‌కి ఏం చెబుతావు?" అనగానే సగం మంది తల దించుకునేవాళ్లు. మైక్రోడ్రిప్‌లో మి.లీ.కి 60 చుక్కలు, కాబట్టి గంటకు ఎన్ని మి.లీ. కావాలో నిమిషానికి అన్ని చుక్కలు వదిలితే చాలు. పంపులు లేని చోట ఇప్పటికీ ఇదే నడుస్తోంది.

అసలు క్లాసు ఆ తర్వాత మొదలయ్యేది. ఈ లెక్క 1957లో హాలిడే, సెగర్ అనే ఇద్దరు డాక్టర్లు క్యాలరీల ఖర్చును బట్టి కట్టింది. ఒంట్లో బాగోలేని పిల్లల్లో ఏడీహెచ్ (ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్) ఎక్కువై నీరు బయటికి పోదు. అప్పుడు సోడియం తక్కువున్న ఫ్లూయిడ్ ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. 28 రోజులు దాటిన పిల్లల్లో ఎక్కువమందికి మెయింటెనెన్స్‌గా (రోజువారీ అవసరానికి) ఐసోటోనిక్ ఫ్లూయిడే (సోడియం దాదాపు రక్తంలో ఉన్నంత ఉండేది) ఇవ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో గైడ్‌లైన్ ఇచ్చింది కూడా ఇందుకే. మన వార్డుల్లో మాత్రం ఏళ్ల తరబడి ఏ బెడ్ దగ్గర చూసినా సోడియం తక్కువున్న ఐసోలైట్-పి వేలాడేది. చుక్కలు లెక్కపెట్టడం సిస్టర్ దగ్గరైనా నేర్చుకోవచ్చు. ఆ సీసా ఎందుకు మారిందో తెలియాలంటే ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

ఇక క్లాసుతో రానివి ఉన్నాయి. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే నిమిషంలోపు బ్యాగ్, మాస్క్ మొదలుపెట్టాలి. ఆ ఫ్లోచార్ట్ ఎన్ని స్లైడ్లలో చూసినా చెయ్యి తిరగదు. మాస్క్ అంచు కళ్ల మీదికి పోకుండా, గడ్డం కిందికి జారకుండా పట్టుకుని, ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ నొక్కడం బొమ్మ మీద చేసి చేసి రావాల్సిందే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల ఎన్‌ఆర్‌పీ (పుట్టిన బిడ్డకు ఊపిరి అందించే శిక్షణ) వర్క్‌షాప్ ఎక్కడ జరిగినా ఫస్టియర్‌లోనే చేసేయండి. సీఎంఈల (డాక్టర్ల కోసం పెట్టే సదస్సుల) సంగతంటారా, కొన్ని బాగుంటాయి, కొన్నింటికి బిర్యానీ కోసం వెళ్లేవాళ్లమని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఊపిరి వేగం కూడా అంతే. నిమిషానికి రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 ఉంటే వేగం ఎక్కువని బట్టీ పట్టడానికి రెండు నిమిషాలు చాలు. "డొక్కలు ఎగరేస్తున్నాడు డాక్టరు గారూ" అని తల్లి తెచ్చిన బిడ్డను, ఆమె ఒళ్లో ఉండగానే, ఏడుపు మొదలవకముందే చొక్కా పైకెత్తి నిండు నిమిషం లెక్కపెట్టాలి. స్టెతస్కోప్ పెట్టారో, ఏడుపు అందుకుంటాడు, ఇక ఆ లెక్క దేనికీ పనికిరాదు. ఆ ఓపిక ఓపీలోనే వస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది: కేసు చూశాక విన్న క్లాసు గుర్తుంటుంది. వానలు పడ్డాక డెంగ్యూ పిల్లలతో వార్డు నిండిపోతుంది కదా. జ్వరం తగ్గింది, ఇంటికి పంపేయమని తండ్రి పట్టుబడతాడు. సరిగ్గా అప్పుడే ప్లాస్మా లీకేజీ (రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారడం) మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, పై బీపీకి కింది బీపీకి తేడా 20కి దిగుతుంది. ఒక రాత్రంతా అలాంటి పిల్లాడి పక్కన నిలబడి గంటగంటకూ ఫ్లూయిడ్ మార్చినవాడికి మర్నాటి డెంగ్యూ క్లాసులో నిద్ర రాదు. చూడనివాడికి అది ఇంకో గ్రాఫ్, అంతే. అందుకే మా బ్యాచ్ వాళ్లం హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారిని అడిగి, టైమ్‌టేబుల్ వరుసను పక్కనపెట్టి, వార్డులో ఏ కేసులుంటే ఆ టాపిక్ పెట్టించుకున్నాం. క్లాసు కూడా మధ్యాహ్నానికి మారింది. మీరూ అడిగి చూడండి, మహా అయితే కుదరదంటారు. ఎలాగూ 80 శాతం అటెండెన్స్ తప్పదు కదా, కూర్చునే గంటేదో పనికొచ్చే గంట చేసుకోండి.

మీ వంతు సెమినార్‌ను మాత్రం పాత పీపీటీతో కానిచ్చేయకండి. మీరు తయారై చెప్పిన టాపిక్ పరీక్ష దాకా మీతోనే ఉంటుంది.

వీడియోల విషయానికొస్తే, డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి వెళ్లినప్పుడు అవి బాగా అక్కరకొస్తాయి. అక్కడ ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల వార్డులో) పని దండిగా ఉంటుంది గానీ క్లాసులు తీసుకునేవాళ్లు ఉండకపోవచ్చు. కాకపోతే మార్కెట్లో దొరికే వాటిలో చాలావరకు ఎంట్రన్స్ బిట్ల కోసం చేసినవి. ఎండీ ఫైనల్‌లో నాలుగు పేపర్లూ పేజీలకు పేజీలు రాయాలి, లాంగ్ కేసు (పరీక్షలో ఇచ్చే రోగి) దగ్గర నిలబడి వాదించాలి. కొనే ముందు డెమోలో ఫ్లూయిడ్స్ క్లాసు పెట్టమనండి. అందులో ఇంకా సోడియం తక్కువున్న ఫ్లూయిడ్‌నే మెయింటెనెన్స్‌గా చెబుతుంటే ఆ ప్యాకేజీ పాతది, డబ్బులు దండగ.