బొప్పాయి నారు కవర్లకు నీళ్లెప్పుడు పోయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. షేడ్‌నెట్ కింద 1200 కవర్లలో బొప్పాయి నారు పెంచుతున్నాం. గింజ పెట్టి నెల దాటింది. మధ్యాహ్నం ఆకులు వాలిపోతున్నాయని రోజూ ఉదయం, సాయంత్రం నీళ్లు పోస్తున్నాం. అయినా వాడుతూనే ఉన్నాయి, కింది ఆకులు పసుపుపచ్చగా అయ్యాయి, కొన్ని మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతున్నాయి. నీళ్లు ఇంకా పెంచాలా?

జవాబు: వద్దండి, ఈ పూట నుంచే ఆపండి. నీళ్లు చాలకపోయినా మొక్క వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది. మట్టిలో గాలి ఆడే సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేర్లకు ఊపిరాడదు, అప్పుడు చుట్టూ నీళ్లున్నా అవి పీల్చుకోలేవు, పైన ఆకులు వాలిపోతాయి, అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. బొప్పాయికి నీటి నిల్వ అసలు పడదు.

మధ్యాహ్నం రెండు గంటలకు చూసి టెన్షన్ పడొద్దు, ఆ ఎండకు లేత ఆకు వాలడం మామూలే. తెల్లారి ఆరింటికి చూడండి. అప్పటికీ తలెత్తకపోతే మట్టిలో వేలు పెట్టి చూడాలి. అంగుళంన్నర లోతున తడి తగిలిందంటే నీళ్లక్కర్లేదు, పొడిగా ఉంటేనే పోయండి. పైమట్టిని నమ్మొద్దు, నల్లమట్టి కలిసిన కవర్లలో పైన పెచ్చు కట్టి పగుళ్లు కనిపిస్తాయి గానీ లోపల ముద్దగా ఉంటుంది.

1200 కవర్లలో వేలు పెట్టడం కుదరదు కదా, దానికి బరువు చూడటం అలవాటు చేసుకోండి. ఒక కవరుకు అడుగున కారేదాకా నీళ్లు పోసి, అరగంట ఆగి ఎత్తి చూడండి. రెండు మూడు రోజులు నీళ్లు పోయని కవరును ఇంకో చేత్తో ఎత్తండి. ఆ తేడా చేతికి తెలిశాక మళ్లీ చెప్పక్కర్లేదు. నేను చిన్న ఉద్యోగిగా ఉన్నప్పుడు మా నర్సరీలో పనిచేసే ఒక పెద్దమ్మ వరసకు నాలుగు కవర్లు ఎత్తి ఇట్టే చెప్పేసేది, ఈ పని నాకు నేర్పింది ఆమే. అంచు వరసలు గాలికీ ఎండకూ త్వరగా ఆరతాయి, మధ్యవి ఆలస్యంగా ఆరతాయి, కాబట్టి అన్నిటికీ ఒకే లెక్కన పోయకండి.

పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి, పైపైన చిలకరిస్తే కింది వేరు ఎండుతుంది. ఉదయమే పోయండి. సాయంత్రం పోస్తే ఆకులూ మొదలూ రాత్రంతా తడిగా ఉండి నారుకుళ్లు తెగులు పెరుగుతుంది, మీ దగ్గర మొక్కలు పడిపోతున్నది కూడా దానివల్లే అనిపిస్తోంది. మబ్బు పట్టిన రోజున అసలు పోయకపోయినా నష్టం లేదు. ఇంకో మాట, కవర్లను ప్లాస్టిక్ పట్టా మీద పేర్చారా? అయితే తీసేయండి, నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. చిల్లులు మూసుకుపోయాయేమో కూడా చూడండి.

పడిపోయిన మొక్కల్ని కవరుతో సహా ఏరి దూరంగా పారేయండి. మట్టి కాస్త ఆరాక మిగిలిన వాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. పసుపైన ఆకులు మళ్లీ పచ్చబడవు, కొత్త చిగురు ఎలా వస్తోందో చూడండి. వారం పది రోజుల్లో అది బాగా వస్తే ఆ మొక్క పొలానికి పనికొస్తుంది.