లారీ ఖర్చు గట్టు దాటకూడదు

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన లారీ పదిహేనేళ్ళుగా పొలం పక్క షెడ్డులో నిలిచిపోయి ఉంది. దాన్ని ఇంటి దగ్గరే బాగు చేద్దామని నాలుగు నెలల క్రితం పని మొదలుపెట్టాను. దాచుకున్న డబ్బులో మూడో వంతు అయిపోయింది గానీ ఇంజను ఇంకా తిరగలేదు. తూర్పు గట్టు రైతు సగం ఖర్చు తాను భరిస్తానని, బదులుగా వచ్చే మూడు కోతలకు తన పంటను ఉచితంగా తోలిపెట్టాలని అడుగుతున్నారు. పడమటి గట్టు వారేమో రాత్రిపూట చప్పుడు, దారిలో సామాను, కాలువలో నూనె అంటూ మాట్లాడటమే మానేశారు. వచ్చే పంట పెట్టుబడికి ఉంచిన సొమ్మును లారీకి వాడి, బాగయ్యాక దాన్ని అమ్మి పూడ్చుకోవచ్చా? లేకపోతే అప్పు తీసుకోవడం మేలా?

జవాబు: రెండూ వద్దు. పంట పెట్టుబడిని ముట్టుకోవద్దు, లారీ కోసం అప్పూ చేయవద్దు. అలాగని లారీని వదిలేయమని నేను చెప్పడం లేదు. తండ్రి పట్టిన స్టీరింగును మళ్ళీ పట్టుకోవాలన్న కోరిక మీద మనిషి తన సొంత డబ్బు ఖర్చు పెట్టుకోవచ్చు. అయితే ఆ ఖర్చును ఖర్చుగానే రాసుకోవాలి. దాన్ని పెట్టుబడిగా ఊహించుకుని, అమ్మకం మీద వచ్చే సొమ్మును ఇప్పుడే మరో అవసరానికి కేటాయించడం దగ్గరే మీ లెక్క తప్పుతోంది.

పాత బండిని విడిభాగాలు కొని, కూలి ఇచ్చి బాగు చేయించిన వారిలో చాలామందికి అమ్మినప్పుడు పెట్టినంత తిరిగి రాదు, సొంత శ్రమకు విలువ కట్టుకుంటే లోటు ఇంకా పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. తుప్పు పట్టినా అన్ని భాగాలతో నిలబడి ఉన్న లారీకి కొనేవాడు దొరుకుతాడు. విప్పేసి, నట్లూ బోల్టులూ డబ్బాల్లో కలిసిపోయి, ఏది ఎక్కడిదో తెలియని లారీకి పాత ఇనుము ధరకు మించి ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. అంటే పని సగంలో ఆగిపోతే మీ చేతిలో ఉన్న వస్తువు విలువ మొదటికన్నా తగ్గుతుంది. కుర్రతనంలో నేనూ ఒక నీటిమోటారును ఉత్సాహంగా విప్పి, పేర్లు రాయని మూడు డబ్బాలతో మిగిలాను కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను: ఒక భాగాన్ని విప్పితే, దాన్ని బాగు చేసి తిరిగి బిగించే దాకా రెండోదాన్ని విప్పకండి. ఇది మెకానిక్కు చెప్పవలసిన మాటలా కనిపించినా, మీ ఆస్తి విలువను కాపాడేది ఈ క్రమమే.

ఇంకొక్క పైసా పెట్టే ముందు ఛాసిస్‌ను, అంటే లారీ బరువంతా మోసే అడుగు ఇనుప చట్రాన్ని పరీక్షించండి. చిన్న సుత్తితో దాని పొడవునా ఒక జానెడు ఎడంలో కొట్టుకుంటూ వెళ్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట మొద్దు చప్పుడు వస్తుంది. అక్కడ పాత స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే ఎర్రటి పొక్కులు రాలి, మొన లోపలికి దిగిపోవచ్చు. స్ప్రింగు పట్టీలు బిగించే చోట్లా, అడ్డ దూలాలు కలిసే చోట్లా అలా దిగిందంటే ఇంజను బాగున్నా లేకున్నా ఖర్చు మీ అంచనాకు అందదు. పని అక్కడితో ఆపి, ఉన్నది ఉన్నట్టు అమ్మేయడమే తక్కువ నష్టం. ఛాసిస్ గట్టిదైతే మిగిలిన డబ్బులో మూడో వంతును తెలియని ఖర్చుల కోసం పక్కన పెట్టి, తక్కినదాన్ని ముందు బ్రేకులకు, స్టీరింగుకు, టైర్లకు, తర్వాత ఇంజనుకు, చిట్టచివర రంగుకు కేటాయించండి. చాలా పాత బండ్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే నూనె మార్గం ఉంటుంది, ఒక్క పైపు పగిలితే అన్నీ పోతాయి. గీతలు అరగకుండా కొత్తగా కనిపించే టైర్లనూ నమ్మకండి, వాటి వయసు చూడండి. 2000 తర్వాత తయారైన టైర్ల పక్క గోడ మీద ఉండే నాలుగంకెల ముద్రలో 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం.

అప్పు సంగతి క్లుప్తంగా చెబుతాను. నెలకు నూటికి 2 వడ్డీ అంటే ఏడాదికి 24 అనుకుంటాము గానీ, కట్టని వడ్డీ నెలనెలా అసలులో కలుస్తూ పోతే అది దాదాపు 26.8 అవుతుంది, మూడేళ్ళలో అప్పు రెట్టింపు దాటుతుంది. షెడ్డులో నిలిచి ఉన్న లారీ ఆ మూడేళ్ళలో ఒక్క పైసా సంపాదించదు. ఇక పంట పెట్టుబడి అంటారా, విత్తనం వేళకు వేయకపోతే ఆ అదను మళ్ళీ రాదు. లారీ మరో ఏడాది ఆగినా దానికొచ్చే కొత్త నష్టం పెద్దగా ఉండదు.

తూర్పు గట్టు రైతు మాట వినడానికి బాగుంది, కానీ ఆయన అడుగుతున్నది ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. తిరగని ఇంజను మీద మూడు కోతల వాగ్దానం చేసి డబ్బు తీసుకుంటే, మీరు నిజానికి గడువూ వడ్డీ రాయని అప్పు తీసుకున్నట్టే. కోత నడిమధ్యలో గేర్‌బాక్సు పట్టేస్తే బాడుగ బండి ఖర్చు ఎవరిది? డీజిలు ఎవరు పోయించాలి? లారీ ఎప్పటికీ బాగుపడకపోతే ఆయన సొమ్ము ఎప్పుడు, ఎంత తిరిగి ఇవ్వాలి? ఈ ప్రశ్నలు ఇప్పుడు అడగడం మొహమాటంగా ఉంటుంది, పంట వానలో తడుస్తున్నప్పుడు ఇవే తగాదాలవుతాయి. పైగా సొంత వాడకానికి తీసుకున్న బీమా చాలా పాలసీలలో బాడుగకో ప్రతిఫలానికో సరుకు తోలినప్పుడు వర్తించదు. మీరు ముందుగా తీసుకున్న డబ్బును కూడా ప్రతిఫలంగానే లెక్కిస్తే దారిలో జరిగిన ప్రమాదం మొత్తం మీ నెత్తిన పడుతుంది. అందువల్ల ఆయనకు మర్యాదగా, సూటిగా చెప్పండి: ఇప్పుడు డబ్బు వద్దు, లారీ రోడ్డెక్కి, కాగితాలూ బీమా సరైన తరగతిలో సిద్ధమయ్యాక, తిరుగుడుకు ఇంత అని రాసుకుని మొదటి అవకాశం మీకే ఇస్తాను.

పడమటి గట్టు వారి కోపాన్ని మీరు మీ ప్రశ్నలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నా దృష్టిలో మీ లెక్కల్లో రాయని అతి పెద్ద బాకీ అదే. పాత ఇంజను నూనె కాలువలోకి దిగి వారి పొలానికో బావికో చేరితే శుభ్రం చేయించే ఖర్చు ఇంజను ఖర్చును మించిపోవచ్చు, పరిహారం సంగతి వేరు. కాబట్టి మీ ఖర్చుల పుస్తకంలో పొరుగువారి పేరున ఒక పద్దు తెరవండి. ఇంజను కింద వెడల్పాటి రేకు పళ్ళెం, వాడిన నూనెకు మూత గట్టిగా పడే పీపాలు, గ్రైండరు పనికి పగటి గంటలు మాత్రమే, ఆ గంటల్లో వచ్చే మెకానిక్కుకు అయ్యే అదనపు కూలి అందులోకి వస్తాయి. పిచికారీ రంగును షెడ్డులో వేయకండి. రెండు భాగాలు కలిపి వేసే రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, గాలి మళ్ళితే తుంపర వారి పంట మీదా పశువుల మీదా పడుతుంది. రంగు గది ఉన్నచోట అద్దె ఇచ్చి వేయించడం ఖరీదైనదే, అయినా రంగు చివరి పని కాబట్టి ఆ డబ్బు పోగయ్యే దాకా ఆగవచ్చు.

ఇవన్నీ కలిపి చూస్తే మీ మిగులులోంచి నెలకు ఎంత పక్కన పెట్టగలరో అంతే లారీకి ఇవ్వండి, ఆ నెల డబ్బు అయిపోతే షెడ్డు తలుపు మూసేయండి. దారిలో పెట్టిన సామానును మాత్రం వచ్చే నెల దాకా ఆపకండి. కోతకు పడమటి గట్టు వారి ట్రాక్టరు మలుపు తిరిగేది అక్కడే అయితే ఈ వారంలోనే దాన్ని లోపలికి జరిపించి, ఆ తర్వాత పడమటి ఇంటికి స్వయంగా వెళ్ళి, సుత్తి పని ఏయే రోజుల్లో ఉంటుందో ముందుగా చెప్పి రండి.