పాత సర్వర్ బాధ్యత తీసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. ఇన్నేళ్లుగా నేను చూస్తున్న ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంపే పద్ధతి) సర్వర్ ప్రోగ్రాంను ఇకపై నువ్వు చూసుకుంటానన్నావు. మనసు తేలికపడింది. జీతం లేని పనే. కానీ ఆఫీసు స్కానర్ల నుంచి కాగితాలు, సీసీ కెమెరాల చిత్రాలు, అచ్చుకు వెళ్లే పేజీలు ఇప్పటికీ ఇలాంటి ప్రోగ్రాంల మీదుగానే చేరాల్సిన చోటికి చేరుతున్నాయి.

వచ్చీ రాగానే కొత్త సౌకర్యాలు చేర్చాలని చూడకు. ఈ ప్రోగ్రాం ఎవరిని, ఎక్కడెక్కడ, అడగకుండానే నమ్ముతోందో ముందు వెతుకు. పాత సాఫ్ట్‌వేర్‌లో నేను ఎక్కువగా భయపడేది అందుకే.

ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971లో ఎఫ్‌టీపీ తొలి నమూనా రాశారు. ఇప్పటికీ అందరూ ఆధారపడే ప్రమాణపత్రం 1985 నాటిది. ఆ రోజుల్లో నెట్‌వర్క్ చిన్నది. అందుకే పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా వెళ్లిపోతుంది. టీఎల్‌ఎస్, అంటే దారిలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని దాచి పంపే పద్ధతి, లేనిదే లాగిన్ కుదరదన్నది డిఫాల్ట్‌గా పెట్టు. పాత పరికరాలు ఆగిపోయాయని ఫిర్యాదులు తప్పవు. వాళ్లకు సడలింపు ఉంచు, కానీ ఆ సెట్టింగును వాళ్లే తమ చేత్తో మార్చుకోవాలి.

తర్వాత ఒక్కో కమాండ్‌నూ తీసుకుని, అది అమలయ్యే ముందు లాగిన్ అయిందో లేదో ఎవరు చూస్తున్నారో రాసుకో. విసుగు పుట్టించే పనే, అయినా దీన్ని మాత్రం వదలకు. ప్రోఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రాంలో ఫైళ్లను సర్వర్‌లోనే ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసే మాడ్యూల్ ఒకటుంది. ఏ ఫైలు అని ఒక కమాండ్, ఎక్కడికి అని ఇంకొకటి. లాగిన్ కాకపోయినా ఆ రెండూ పనిచేస్తున్నాయని 2015లో బయటపడింది. వెబ్‌సైట్ ఫోల్డర్ కూడా అదే యంత్రంలో ఉంటే, దారిన పోయేవాడు తన కోడ్‌ను అందులో పెట్టి నడిపించుకోగలడు. 2019లో అదే మాడ్యూల్‌లో అనుమతుల లోపం మరొకటి దొరికింది. ఒకసారి తప్పు దొరికిన ఫైలును మళ్లీ మొదటి నుంచి చదవమనేది ఇందుకే.

కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా, జనం దించుకునేది నీ కోడేనని వాళ్లకు తెలియాలి. విఎస్‌ఎఫ్‌టీపీడీ అనే మరో ఎఫ్‌టీపీ సర్వర్ 2.3.4 ప్యాకేజీని దాని సొంత డౌన్‌లోడ్ సైటులోనే ఎవరో మార్చేశారని 2011 జులైలో బయటపడింది. యూజర్‌నేమ్‌లో కోలన్, దాని పక్కన మూసే బ్రాకెట్, అంటే నవ్వు ముఖం గుర్తు టైపు చేస్తే చాలు, 6200 పోర్టులో తలుపు తెరుచుకునేది. ప్యాకేజీతో పాటు ఇచ్చే డిజిటల్ సంతకాన్ని సరిపోల్చి చూసినవారికి తేడా తెలిసిపోయేది. కాబట్టి ప్రతి విడుదలకూ సంతకం చేయి. సంతకం చేసే రహస్య కీని సర్వర్‌లో ఉంచకు, నెట్‌కు తగలని యంత్రంలో ఉంచు.

లోపాలు తెలియజేయడానికి ఈమెయిల్ చిరునామా ఒకటి పెట్టు, దానికి వచ్చే ఉత్తరాలు మాత్రం అందరికీ కనిపించకూడదు. సరిదిద్దడానికి సమయం పట్టినా, అందిందన్న జవాబు మాత్రం వెంటనే రాయి.

సహాయానికి వచ్చేవారి గురించి రాయక తప్పదు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీని చాలాకాలం ఒక్కరే నడిపారు. ఆయన అలసిపోయిన సమయంలో ఒక అపరిచితుడు రెండేళ్లకు పైగా ఓపికగా మంచి ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపి, విడుదల చేసే అధికారం సంపాదించి, దొంగ కోడ్ చొప్పించాడు. 2024 మార్చిలో ఆ కోడ్ వల్ల ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను అదనంగా పట్టడం చూసి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి బయటపడింది. అలాగని అందరినీ అనుమానించకు. ప్యాచ్ చూసే హక్కు ఇవ్వడానికి సంకోచించకు, విడుదల హక్కు మాత్రం మొహం తెలిసిన ఇద్దరి మధ్యే ఉంచు. త్వరగా చేయమని ఎవరైనా ఒత్తిడి పెడితే, ఇప్పుడు వీలు కాదని సూటిగా చెప్పు. అలసిపోతే నెల రోజులు విరామమని ప్రకటించు, అందులో తప్పు లేదు.

నా కీని వచ్చే నెలాఖరుకు రద్దు చేస్తున్నాను. ఆలోగా నీ కొత్త కీ తయారుచేసుకుని, దాని ఫింగర్‌ప్రింట్‌ను, అంటే ఆ కీని గుర్తుపట్టే అక్షరాల వరుసను, ఈమెయిల్‌లో కాకుండా ఫోనులో ఒక్కో అక్షరం చదివి వినిపించు. సరిచూసుకున్నాకే దాని మీద సంతకం పెడతాను.

ఇట్లు,
బాబాయి