కడుపులో బిడ్డకు సర్జరీపై రీసెర్చ్: ఎటు నుంచి వెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతోంది. తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు ఆపరేషన్ చేసే వీడియో ఒకటి చూసింది. అప్పటి నుంచి ఆ రంగంలోనే రీసెర్చ్ చేస్తానంటోంది. అమెరికా వెళ్లాల్సిందేనా? లోన్ తీసుకుని ఇప్పుడే యూఎస్ఎంఎల్ఈ (అమెరికాలో డాక్టరు కావడానికి రాసే పరీక్ష) కోచింగ్‌లో చేర్పించమంటారా? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: లోనుకు తొందరేం లేదండి. మన దగ్గర ‘ఫీటల్ సర్జన్’ అనే పేరుతో పీజీ సీటు ఉండదు. అక్కడికి రెండు వైపుల నుంచి చేరతారు. ఎంఎస్ గైనకాలజీ చేసి, ఫీటల్ మెడిసిన్‌లో ఫెలోషిప్ చేయడం ఒకటి. కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించడం, ఒకే మాయను పంచుకున్న కవలల మధ్య రక్తనాళాలను లేజర్‌తో మూసేయడం మన దేశంలో ఎక్కువగా వీళ్లే చేస్తారు. రెండోది పీడియాట్రిక్ సర్జరీ. మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపైన మూడేళ్ల ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ. ఎంబీబీఎస్ అయ్యాక నేరుగా చేరే ఆరేళ్ల డీఆర్ఎన్‌బీ (జాతీయ బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) కోర్సు కూడా ఉంది. పుట్టిన బిడ్డకు ఆపరేషన్ చేసేది వీళ్లు. టిఫా స్కాన్‌లో (కడుపులోని బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే స్కాన్) లోపం కనిపిస్తే తల్లిదండ్రులను కూర్చోబెట్టి, పుట్టాక ఏం చేయొచ్చో వివరించేదీ చాలాచోట్ల వీళ్లే. వీడియోలో చూపించేలాంటి, గర్భసంచి తెరిచి చేసే ఓపెన్ ఆపరేషన్లు ప్రపంచం మొత్తం మీద కొద్ది సెంటర్లలోనే జరుగుతాయి.

కాబట్టి అమ్మాయి తేల్చుకోవాల్సింది దేశం సంగతి కాదు, తల్లి దగ్గర స్కాన్ ప్రోబ్ పట్టుకుని ఉండడం ఇష్టమా, బిడ్డ దగ్గర కత్తి పట్టుకోవడం ఇష్టమా అని. హౌస్ సర్జన్సీలో రెండు వార్డులూ తిరిగితే అదే తెలుస్తుంది.

ఇక రీసెర్చ్. వీడియోల్లో గెలిచిన కథలే ఉంటాయి. అమెరికన్ సర్జన్ మైకేల్ హారిసన్ బృందం ఏళ్ల తరబడి గొర్రె పిల్లల మీద ప్రయోగాలు చేసి, 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటిసారి గర్భసంచి తెరిచి, మూత్రం అడ్డుపడిన బిడ్డకు ఆపరేషన్ చేసింది. ఆ బిడ్డ దక్కలేదు. తర్వాత వాళ్లు పట్టుకున్నది డయాఫ్రమ్‌లో (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) రంధ్రం ఉండి, పేగులు ఛాతీలోకి వెళ్లి ఊపిరితిత్తులు ఎదగని జబ్బు. కడుపులోనే ఆ రంధ్రం మూసి చూశారు. పుట్టాక చేసినదానికంటే మెరుగేమీ కనిపించలేదు. బిడ్డ శ్వాసనాళాన్ని తాత్కాలికంగా మూస్తే ఊపిరితిత్తులు ఎదుగుతాయని 24 మంది తల్లులతో ట్రయల్ పెట్టారు. 2003లో ఫలితం వచ్చింది: తేడా లేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే కథ ముగిసేది. యూరప్‌లో యాన్ డెప్రెస్ట్ బృందం సన్నని స్కోపుతో శ్వాసనాళంలో బెలూన్ పెట్టే పద్ధతిని పట్టుకుని సాగింది. జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డల్లో 15 శాతం బతికేచోట 40 శాతం బతికారని 2021లో తేలింది. ఓ మోస్తరు జబ్బున్న బిడ్డల్లో మాత్రం స్పష్టమైన లాభం కనిపించలేదు. పైగా నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరిగింది. ఒక్క జబ్బుకు దశాబ్దాలు పట్టింది. ఇంత ఓపిక ఉందా అని మీరు కాదు, ఆ అమ్మాయే తనను తాను ప్రశ్నించుకోవాలి.

నాకు ఇంతకంటే నచ్చేది స్పైనా బైఫిడా ట్రయల్. బిడ్డ వెన్నెముక పూర్తిగా మూసుకోని ఈ లోపాన్ని కడుపులోనే సరిచేస్తే మేలా, పుట్టాక చేస్తే మేలా అని చూసిన ట్రయల్ అది. అది జరిగినన్నాళ్లూ అమెరికాలో మిగతా సెంటర్లు ట్రయల్ బయట ఆ ఆపరేషన్ చేయకూడదని ఒప్పుకున్నాయి. పేరు, డబ్బు వచ్చే ఆపరేషన్‌ను ఆసుపత్రులు ఏళ్ల తరబడి పక్కన పెట్టడం మామూలు విషయం కాదు. 183 మంది తల్లులు చేరిన ఈ ట్రయల్‌లో 2011లో వచ్చిన ఫలితం ప్రకారం, తలలో నీరు తీసే గొట్టం (షంట్) పుట్టాక ఆపరేషన్ చేసినవాళ్లలో 82 శాతానికి వేయాల్సి వస్తే, కడుపులోనే చేసినవాళ్లలో 40 శాతానికే వేయాల్సి వచ్చింది. ఇక్కడా నెలలు నిండని కాన్పులు పెరిగాయి.

మరి గుంటూరులో ఉన్న పిల్ల ఏం చేయగలదు? చాలానే చేయగలదు. పొట్ట గోడలో రంధ్రంలోంచి పేగులు బయటికొచ్చి పుట్టే జబ్బు ఉంది, గ్యాస్ట్రోస్కిసిస్ అంటారు. 74 దేశాల ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఈ జబ్బుతో ధనిక దేశాల్లో చనిపోయేది 1.4 శాతం. మన దేశం లాంటి మధ్యాదాయ దేశాల్లో దాదాపు 32 శాతం. ఇంత తేడా సర్జన్ చేతి నైపుణ్యం ఒక్కదానితో రాదు. బిడ్డ ఆలస్యంగా రావడం, దారిలో ఒళ్లు చల్లబడిపోవడం, ఇన్ఫెక్షన్, నరం ద్వారా పోషణ ఇచ్చే ఏర్పాటు లేకపోవడం, ఇవన్నీ ఉంటాయి. ఇవి రెండో సంవత్సరం విద్యార్థి కూడా లెక్కకట్టగల విషయాలే. పీడియాట్రిక్ సర్జరీ వార్డులోకి వచ్చిన ప్రతి పసిబిడ్డకూ, వచ్చేసరికి ఒంటి వేడి ఎంత, ఏ ఊరి నుంచి ఎన్ని గంటల్లో వచ్చారు, టిఫా స్కాన్‌లో లోపం పట్టుకున్నారా లేదా రాసుకోవాలి. అన్నవాహిక పూర్తిగా ఏర్పడని బిడ్డకు నోట్లోంచి ట్యూబు వేస్తే దాదాపు పది సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నోటి నుంచి నురగ కారుతున్న బిడ్డకు కాన్పు గదిలోనే ఈ పరీక్ష చేశారా, లేక పాలు పట్టి ఊపిరితిత్తుల్లోకి పోయాక పంపారా? ఇదీ మంచి రీసెర్చ్ ప్రశ్నే. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మాత్రం ఒక్క కేస్ షీటూ ముట్టుకోకూడదు. వైద్య పరిశోధనలు చూసే జాతీయ సంస్థ ఐసీఎంఆర్ ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల ఎస్‌టీఎస్ అనే రీసెర్చ్ ప్రాజెక్టు ఇస్తుంది, స్టైపెండ్ కూడా ఉంటుంది. ఫైనల్ ఇయర్ లోపే అది చేయించండి. స్టాటిస్టిక్స్ మీద భయం ఉంటే ఇప్పుడే పోగొట్టుకోవాలి.

డబ్బు సంగతి దాచను. సెటిలయ్యేసరికి ముప్పై దాటుతుంది, రేడియాలజీలో వచ్చే సంపాదన ఇందులో రాదు. అందుకే ఎంసీహెచ్ పీడియాట్రిక్ సర్జరీ సీట్లు కౌన్సెలింగ్‌లో మిగిలిపోతున్నాయి. నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు అదే కలిసొస్తుంది. అమెరికాలో పీడియాట్రిక్ సర్జరీ ఫెలోషిప్‌కు అక్కడ చదివినవాళ్లకే గట్టి పోటీ. ఇక్కడ ఎంసీహెచ్ చేసి, రెండు మూడు మంచి పేపర్లు చేతిలో పెట్టుకుని అక్కడి ల్యాబ్‌కు రీసెర్చ్ ఫెలోగా వెళ్లడం తేలిక, ఖర్చూ తక్కువ. కోచింగ్ మాట హౌస్ సర్జన్సీలో ఆలోచిద్దాం. ఈలోగా సెలవులకు ఇంటికి రాకుండా వార్డులో ఉంటానంటే మాత్రం ఉండనివ్వండి.