లాగింగ్ లైబ్రరీ రాయబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

స్ట్రక్చర్డ్ లాగింగ్ లైబ్రరీ, అంటే ప్రోగ్రామ్ నడుస్తూ ఏం చేసిందో విడివిడి ఫీల్డ్స్‌తో లైను లైనుగా రాసిపెట్టే కోడ్, సొంతంగా రాస్తానన్నావు, అదీ ఉన్నవాటన్నిటికంటే స్పీడుగా ఉండాలన్నావు. రాయి. ఇప్పటికే ఇన్ని ఉండగా ఇంకొకటి దేనికని నేను అడగను. ఇలాంటిది ఒక్కటి మొదట్నుంచీ చివరిదాకా రాస్తే మెమరీ, థ్రెడ్లు, ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా నడుస్తాయో బాగా ఒంటబడుతుంది. అయితే నువ్వు పంపిన డిజైన్ చదివాక ఒక వెలితి కనిపించింది. అదంతా అన్నీ సవ్యంగా నడిచే రోజును దృష్టిలో పెట్టుకుని రాసింది. జనానికి లాగ్‌తో నిజంగా పని పడేది సర్వర్ కుప్పకూలిన రోజున. ఆ రోజు చివరి నాలుగు లైన్లు దొరక్కపోతే, లైనుకి ఎన్ని నానోసెకన్లు మిగిల్చావన్నది ఎవరికీ పట్టదు.

ముందు వేగం సంగతే చూద్దాం, నీకు అదే కదా ఇష్టం. లాగర్‌లో చాలాసార్లు నడిచేది రాయకుండా వెనుదిరిగే కోడ్. ప్రొడక్షన్‌లో లెవెల్‌ను ఇన్ఫో దగ్గర పెట్టేస్తారు, అంటే అంతకంటే చిల్లర వివరాలైన డీబగ్ లైన్లు రాయొద్దని. డీబగ్ కాల్స్ మాత్రం కోడ్ నిండా అలాగే ఉంటాయి. ఒక్కోటీ లోపలికొచ్చి, లెవెల్ చూసి, ఉత్త చేతుల్తో తిరిగిపోవాలి. ఆ దారిలో ఒక అటామిక్ రీడ్ (విలువని మధ్యలో తెగకుండా ఒకేసారి చదవడం), ఒక పోలిక ఉంటే చాలు. లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పోనిచ్చే తాళం) ఉండకూడదు, లాగర్ పేరు పట్టుకుని మ్యాప్‌లో వెతకడం ఉండకూడదు. ఇంతా చేసినా, వాడేవాళ్ళు డీబగ్ కాల్‌లోనే రిక్వెస్ట్ మొత్తాన్ని స్ట్రింగ్‌గా మార్చి ఇస్తే నీ ఫంక్షన్ మొదటి లైను నడవకముందే ఖర్చు అయిపోయినట్టే. దాన్ని నువ్వు లోపలినుంచి ఆపలేవు, ఏపీఐ (వాడేవాళ్ళు పిలిచే ఫంక్షన్ల రూపం) ద్వారా దారి చూపించగలవు. గో భాష 2023 ఆగస్టులో 1.21 వెర్షన్‌తో పాటు తెచ్చిన ఎస్‌లాగ్ అనే లాగింగ్ ప్యాకేజీలో ఇలాంటి ఏర్పాటు ఉంది. ఏ టైప్ అయినా లాగ్‌లో తాను ఎలా కనిపించాలో ఒక మెథడ్‌లో చెప్పుకోవచ్చు, ఆ లైను నిజంగా రాయాల్సి వచ్చినప్పుడే ఆ మెథడ్ నడుస్తుంది. పాస్‌వర్డ్, టోకెన్ లాంటివి లాగ్‌లో పడకుండా చుక్కలు పెట్టడానికి కూడా అదే మెథడ్ పనికొస్తుంది. నీ లైబ్రరీలోనూ ఇలాంటిది పెట్టు.

ఇక ఫీల్డ్స్. "ఆర్డర్ 4521 పేమెంట్ 312 మిల్లీసెకన్ల తర్వాత ఫెయిల్ అయింది" అని ఒకే వాక్యంగా రాస్తే మనిషి చదువుకోవడానికి బాగానే ఉంటుంది. మూడు వందల మిల్లీసెకన్లు దాటినవన్నీ చూపించు అంటేనే చిక్కు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో కుస్తీ పట్టాలి. అదే మెసేజ్ "పేమెంట్ ఫెయిల్" అని స్థిరంగా ఉంచి, ఆర్డర్ ఐడీ 4521 ఒక ఫీల్డ్, వ్యవధి 312 ఇంకో ఫీల్డ్ అంటే వెతకడం తేలిక. ఇది నీకు తెలిసిందే. నేను చెప్పేది ఆ 312 నీ లైబ్రరీలోకి ఏ రూపంలో వస్తుందన్నది. "ఏ టైప్ అయినా పర్లేదు" అనే పారామీటర్‌లో వస్తే, గో లాంటి భాషల్లో ఆ పూర్ణాంకాన్ని చాలాసార్లు హీప్‌లో, అంటే తర్వాత శుభ్రం చేయాల్సిన మెమరీలో, పెట్టాల్సొస్తుంది. లైనుకి ఐదు ఫీల్డ్స్ అనుకుంటే లైనుకి ఐదు చిన్న అలొకేషన్లు. విడిగా చూస్తే చవకే. సెకనుకి లక్ష లైన్లొచ్చే చోట వాడేసిన మెమరీని ఏరివేసే గార్బేజ్ కలెక్టర్‌కి ఊపిరాడదు, ఆ భారం మీద పడేది నీ లైబ్రరీ మీద కాదు, దాన్ని వాడుతున్న అప్లికేషన్ మీద. గోలో వాడే జ్యాప్ లాగింగ్ లైబ్రరీ అందుకే రెండు ముఖాలతో వచ్చింది: టైప్ తెలిసిన ఫీల్డ్స్ మాత్రమే తీసుకునే కరుకు లాగర్ ఒకటి, ఏదిచ్చినా తీసుకునే సులువు లాగర్ ఒకటి. నువ్వు కరుకుదానితో మొదలుపెట్టు. సులువుదాన్ని దాని మీద కట్టుకోవచ్చు. తిరగేసి కట్టబోతే కుదరదు.

జేసన్ (కీ, వాల్యూ జంటలుగా రాసే టెక్స్ట్ ఫార్మాట్) రాయడానికి మామూలు లైబ్రరీని పిలవకు. ఫీల్డ్స్‌ని మ్యాప్‌లో పోసి, ఆ మ్యాప్‌ని రిఫ్లెక్షన్‌తో (నడుస్తుండగా టైప్‌లు కనుక్కుంటూ) తిరగేయించడం ఇక్కడ దండగ. బైట్ బఫర్ ఒకటి తీసుకుని కీ, కోలన్, వాల్యూ నేరుగా దాని చివర చేర్చుకుంటూ పో. కొంచెం జాగ్రత్త కావాల్సింది స్ట్రింగ్ దగ్గర. కోట్, బ్యాక్‌స్లాష్, 32 కంటే చిన్న కంట్రోల్ అక్షరాలు తప్పనిసరిగా ఎస్కేప్ చేయాలి, అంటే బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే గుర్తుగా మార్చి రాయాలి. చెల్లని యూటీఎఫ్-8 బైట్లు వస్తే వాటి బదులు రీప్లేస్‌మెంట్ అక్షరం పెట్టాలి. ఒక్కో అక్షరం చూసి ఒక్కోటీ కాపీ చేయొద్దు. ఎస్కేప్ అక్కర్లేని బైట్లు ఎంతదాకా ఉన్నాయో చూసుకుంటూ వెళ్ళి, ఆ ముక్కనంతా ఒకేసారి కాపీ చెయ్. లాగ్‌లో వచ్చే స్ట్రింగ్స్‌లో ఎక్కువభాగం ఎస్కేప్ చేయడానికి ఏమీ లేనివే కాబట్టి ఒక్క కాపీతో పని అయిపోతుంది.

సంఖ్యల దగ్గర రెండు గోతులున్నాయి. జేసన్‌లో నాన్ (సంఖ్య కాని ఫలితం), ఇన్ఫినిటీ అనేవి లేవు. ఎవరో సున్నాతో భాగించిన ఫలితాన్ని లాగ్ చేస్తే నువ్వు రాసిన లైను జేసనే కాకుండా పోతుంది, అవతల పార్సర్ దాన్ని తోసేస్తుంది. అంటే లెక్క తప్పిన ఆ ఒక్క లైనే, అసలు కావాల్సిన లైనే, మాయమవుతుంది. వాటిని స్ట్రింగ్‌గా రాసెయ్. రెండోది, 64 బిట్ల ఐడీలు. చదివే వైపు జావాస్క్రిప్ట్ ఉంటే 2 ఘాతం 53 దాటిన పూర్ణాంకాల్లో చివరి అంకెలు మారిపోవచ్చు. కస్టమర్ ఐడీ చివరి అంకె మారిన లాగ్ పట్టుకుని వెతకడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు. పెద్ద ఐడీలను స్ట్రింగ్‌గా రాసే ఫీల్డ్ ఒకటి విడిగా ఇవ్వు.

ప్రతి లైనులోనూ తప్పకుండా వచ్చే ఫీల్డ్స్ ఉంటాయి, సర్వీస్ పేరు, రిక్వెస్ట్ ఐడీ లాంటివి. ఈ ఫీల్డ్స్ ముందే తగిలించిన పిల్ల లాగర్ తయారు చేసినప్పుడే వాటిని బైట్లుగా మార్చి దాచుకో, తర్వాత ఒక్కో లైనుకి ఆ బైట్లు అతికిస్తే సరి. టైమ్‌స్టాంప్‌లో కూడా సెకను దాకా ఉన్న భాగం సెకనుకోసారే మారుతుంది, దాన్ని దాచుకుని చివరి భాగం మాత్రం కొత్తగా రాయొచ్చు. టైమ్ యూటీసీలోనే పెట్టు, ఆర్‌ఎఫ్‌సీ 3339 అనే తేదీ, సమయం రాసే ప్రామాణిక పద్ధతిలో. ఈ విషయంలో వాదన వద్దు. కోడ్‌లో ఏ ఫైలు, ఏ లైను నుంచి కాల్ వచ్చిందో చూపించడం మాత్రం ఆప్షన్‌గా ఉంచు. సీ++, రస్ట్ లాంటి చోట మాక్రోలతో కంపైల్ టైమ్‌లోనే అది ఉచితంగా వస్తుంది. గో, జావాల్లో స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఉండే జాబితా) ఎక్కి చూడాలి, అది ఖరీదైన పని.

బఫర్లను పూల్‌లో పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకుంటావు, సరే. ఒక్క మహానుభావుడు 5 ఎంబీల రెస్పాన్స్‌ని లాగ్ చేశాడనుకో, ఆ బఫర్ అంత లావుగా పూల్‌లోకి తిరిగెళ్ళి కూర్చుంటుంది. అలాంటివి పాతిక పోగైతే మెమరీ ఎందుకు దిగట్లేదో ఎవరికీ అంతుబట్టదు. గో సొంత ఫార్మాటింగ్ ప్యాకేజీలోనే 64 కేబీ దాటిన బఫర్లను పూల్‌కి తిరిగివ్వకుండా పారేసే షరతు ఉంది. నువ్వూ ఒక హద్దు పెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. బైట్లు సిద్ధమయ్యాయి, వాటిని బయటికి ఎలా పంపుతావు?

సూటిదారి: లైనుకో రైట్ కాల్, చుట్టూ ఒక లాక్. నిదానమే గానీ ఇందులో ఒక గొప్ప గుణముంది. రైట్ కాల్ తిరిగొచ్చిందంటే ఆ బైట్లు ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ చేతికి చేరినట్టే. ఆ తర్వాత ప్రాసెస్ చచ్చినా లైను ఫైల్లోకి వస్తుంది. కరెంటు పోతే మాట వేరు, దానికి ఎఫ్‌సింక్ (బైట్లు డిస్క్ మీదకి ఎక్కేదాకా ఆగే కాల్) కావాలి. లైనుకో ఎఫ్‌సింక్ చేయమని నేను ఎవరికీ చెప్పను. ఒక లైనుని ఒకే రైట్ కాల్‌లో పంపు, ముక్కలుగా పంపొద్దు. ఒకే పైప్‌లోకి (ఒక ప్రాసెస్ రాస్తే ఇంకోటి చదివే గొట్టం) రెండు ప్రాసెస్‌లు రాస్తుంటే, లినక్స్‌లో 4096 బైట్ల దాకా ఉన్న రైట్ విడిపోకుండా వెళ్తుందని హామీ ఉంది. అది దాటితే ఒకరి లైను మధ్యలో ఇంకొకరి లైను దూరొచ్చు.

ఈ సూటిదారికి ఉన్న జబ్బు ఇది. స్టాండర్డ్ అవుట్‌పుట్ ఒక పైప్‌కి కలిసి ఉంది, అవతల లాగ్ కలెక్టర్ ఏదో కారణంగా చదవడం ఆపేసింది. పైప్‌లో మామూలుగా పట్టేది 64 కేబీలు. అది నిండగానే నీ రైట్ కాల్ నిలబడిపోతుంది, చేతిలో లాక్ పట్టుకుని. ఇంకో థ్రెడ్ లాగ్ చేయబోయి లాక్ దగ్గర ఆగుతుంది, దాని వెనక మరొకటి. కాసేపటికి అప్లికేషన్ మొత్తం ఆగిపోతుంది, సీపీయూ చూస్తే ఖాళీగా ఉంటుంది. ఎర్రర్ ఏదీ కనిపించదు, ఎందుకంటే ఎర్రర్ చెప్పాల్సిన లాగే ఆగిపోయింది కదా.

దీనికి విరుగుడుగానే నువ్వు డిజైన్‌లో క్యూ, వెనకాల రాసే థ్రెడ్ పెట్టావు. మంచిదే, జావాలో వాడే లాగింగ్ లైబ్రరీ లాగ్‌4జే 2 ఎసింక్ లాగర్లు కూడా డిస్‌రప్టర్ అనే రింగ్ బఫర్‌తో ఇదే చేస్తాయి. నువ్వు క్యూకి హద్దు పెట్టలేదు. హద్దు లేని క్యూ అంటే డిస్క్ నెమ్మదించిన రోజు మెమరీ తినేసే క్యూ. హద్దు పెట్టగానే ప్రశ్న వస్తుంది: నిండితే ఏం చేయాలి? ఆగాలా, పారేయాలా? రెండూ నొప్పే. ఏది ఎంచుకున్నా వాడేవాళ్ళకి తెలిసేలా, వాళ్ళు మార్చుకోగలిగేలా ఉండాలి. నా అభిప్రాయమంటావా, డీబగ్, ఇన్ఫో లైన్లు పారెయ్, ఎర్రర్ లైన్లకి మాత్రం ఆగు. పారేసినవాటిని లెక్కపెట్టి, దారి దొరకగానే "ఇన్ని లైన్లు పోయాయి" అని ఒక లైను రాయి. గుట్టుచప్పుడు కాకుండా పారేసే లాగర్ని ఎవరూ నమ్మరు.

క్యూలో ఏం పెడుతున్నావో కూడా చూసుకో. ఆబ్జెక్ట్ రిఫరెన్స్ పెట్టి వెనక థ్రెడ్‌లో తీరిగ్గా ఫార్మాట్ చేస్తానంటే, ఈలోగా ఆ ఆబ్జెక్ట్ మారిపోతుంది. బ్యాలెన్స్ 500 ఉండగా లాగ్ చేస్తే లైనులో 0 కనిపిస్తుంది. పిలిచిన థ్రెడ్‌లోనే బైట్లుగా మార్చు, లేదా కాపీ తీసుకో. టైమ్ కూడా పిలిచినప్పటిదే వేయి.

ఇక క్రాష్. మెమరీ అయిపోయినప్పుడు లినక్స్ ఓఓఎమ్ కిల్లర్ పంపేది సిగ్‌కిల్ అనే ప్రాసెస్‌ని చంపేసే సిగ్నల్, దాన్ని పట్టుకునే వీలు ఏ ప్రోగ్రామ్‌కీ లేదు. నీ క్యూలో ఉన్నదంతా ఆ క్షణంలోనే పోతుంది, అంటే సరిగ్గా మనకి కావాల్సిన లైన్లే. వేగం కోసం పెట్టిన క్యూ మొదటికే మోసం తెస్తుందన్నమాట. ఎర్రర్ లెవెల్ లైను వచ్చినప్పుడు, క్యూలో దాని ముందున్నవన్నీ రాసి, దాన్నీ రాసి, ఆ తర్వాతే కాల్ వెనక్కి తిరగాలి. ఎర్రర్‌ని ముందుకి దూకించి నేరుగా రాయొద్దు, వరుస తప్పితే కథే మారిపోతుంది. ఎన్‌కోడర్‌కి (ఫీల్డ్స్‌ని బైట్లుగా మార్చే భాగానికి) పదును పెట్టేముందు ఒక టెస్ట్ రాయి: వేల లైన్లు లాగ్ చేయించి, ఒక ఎర్రర్ రాయించి, ఆ కాల్ తిరిగిరాగానే ప్రాసెస్‌కి సిగ్‌కిల్ ఇవ్వు. ఫైల్లో ఆ ఎర్రర్, దానికి ముందు పారేయకుండా క్యూలోకి తీసుకున్న లైన్లు అన్నీ ఉండాలి.

బెంచ్‌మార్క్ సంగతి క్లుప్తంగా: నీ అంకెలన్నీ ఎక్కడా దాచకుండా శూన్యంలోకి రాసి కొలిచినవి. అవి ఎన్‌కోడర్ వేగం మాత్రమే చెబుతాయి. అసలు ఫైల్‌కి, నిండిన పైప్‌కి, పదహారు థ్రెడ్లతో కూడా కొలువు. సగటు పక్కన పెట్టి 99.9 పర్సెంటైల్, అంటే వెయ్యి కాల్స్‌లో ఒక్కటి మాత్రమే దాటే సమయం, చూడు. ఒకే మెసేజ్ వరద వచ్చే చోట్లకి శాంప్లింగ్ (కొన్ని లైన్లనే ఎంచి రాయడం) ఇవ్వు. జ్యాప్ ప్రొడక్షన్ సెట్టింగ్‌లో ఒకే లెవెల్, ఒకే మెసేజ్ ఉన్న లైన్లు సెకనులో మొదటి వంద వెళ్తాయి, ఆపైన వందకి ఒకటి. శాంప్లింగ్ డీఫాల్ట్‌గా ఉండటం నాకు నచ్చదు, ఉండటం మాత్రం అవసరం.

భద్రత గురించి నీ డిజైన్‌లో ఒక్క మాటా లేదు. 2021 డిసెంబర్‌లో బయటపడిన లాగ్4షెల్ అనే భద్రతా లోపం గురించి వినే ఉంటావు. లాగ్‌4జే 2, లాగ్ చేయమని ఇచ్చిన మెసేజ్‌లో డాలర్, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఉన్నదాన్ని చదివి దానికి విలువ వెతికేది. ఆ వెతుకులాటలో జేఎన్‌డీఐ అనే జావా వెతుకుడు సదుపాయం ద్వారా బయటి సర్వర్‌ని అడిగి, అక్కడినుంచి వచ్చిన కోడ్‌ని నడిపే దారి కూడా ఉండిపోయింది. యూజర్‌నేమ్ బాక్సులో ఒక స్ట్రింగ్ కొడితే చాలు, సర్వర్ వాళ్ళ చేతికి చిక్కేది. ఆ లోపం నమోదు నంబరు సీవీఈ-2021-44228, తీవ్రత పదికి పది. వాల్యూ లోపల ఏముందో అర్థం చేసుకునే తెలివి నీ లాగర్‌కి వద్దు. ఎస్కేప్ చేసి రాయడం వరకే దాని పని. టెర్మినల్ కోసం రంగుల అవుట్‌పుట్ ఇస్తున్నావు కదా, అక్కడా కొత్త లైన్లని, కంట్రోల్ అక్షరాలని ఎస్కేప్ చెయ్. లేకపోతే బయటివాడు పంపిన స్ట్రింగే ఇంకో లాగ్ లైనులా నటిస్తుంది.

కీల పేర్లు మొదటి రిలీజ్‌కి ముందే తేల్చుకో: టైమ్, లెవెల్, మెసేజ్, ఎర్రర్ వేటిని ఏమని పిలుస్తావు, వ్యవధి సంఖ్యా స్ట్రింగా, యూనిట్ ఏది. ఒకే కీ రెండుసార్లొస్తే ఏం చేస్తావో కూడా రాసిపెట్టు, ఒక్కో పార్సర్ ఒక్కో వాల్యూ తీసుకుంటుంది. రిలీజ్ అయ్యాక కోడ్ లోపల ఏమైనా మార్చుకోవచ్చు. కీ పేరు మారిస్తే ఎవరి అలర్టో మోగడం మానేస్తుంది, వాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఆ ఫార్మాట్ డాక్యుమెంట్ రాయగానే పంపు, కోడ్ కంటే ముందు అది చదువుతాను.

బాబాయ్