ప్రధాన పోరుకు ముందు: బాక్సింగ్ ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: ఆదివారం తెల్లవారుజామునే లేచి అమెరికాలో జరిగే బాక్సింగ్ పోటీలు చూడడం మా మిత్రబృందానికి అలవాటు. ప్రధాన పోరుకు ముందు వచ్చే అండర్‌కార్డ్ బౌట్లలో, ఆడిన పన్నెండూ గెలిచిన కుర్రవాడికి, తొమ్మిది గెలిచి పద్నాలుగు ఓడినవాణ్ణి ఎదురు నిలబెడతారు. ఫలితం ముందే తెలిసిపోయే ఇటువంటి బౌట్లలో చూడవలసింది ఏముంది? వర్ధమాన బాక్సర్‌ను పోల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: అటువంటి బౌట్ మొదలయ్యే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ప్రత్యర్థినే ఎందుకు తెచ్చారు? ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో జతలను చీటీలు తీసి నిర్ణయించరు. పోటీలు ఏర్పాటు చేసే ప్రమోటర్ దగ్గర పనిచేసే, జతలు కుదిర్చే మ్యాచ్‌మేకర్, తమ కుర్రవాడికి ఆ దశలో ఏ పాఠం అవసరమో చూసుకుని, ఒకసారి పొడగరి ఎడమచేతి వాటం వాణ్ణి, మరొకసారి ఎన్ని దెబ్బలు తిన్నా కిందపడని మొండివాణ్ణి, ఇంకొకసారి మీదమీదకు వచ్చి పక్కటెముకల మీద గుద్దేవాణ్ణి వెతికి తెస్తాడు. నాలుగు రౌండ్ల బౌట్లతో మొదలుపెట్టి ఆరుకు, ఎనిమిదికి, పదికి పెంచుకుంటూ పోవడం కూడా ఈ పథకంలో భాగమే.

కాబట్టి ఆ 9–14 అన్న అంకెను చూసి పెదవి విరవకండి. ఆ పద్నాలుగు ఓటములు ఎవరి చేతిలో, ఎలా వచ్చాయో చూడండి. బ్రిటన్‌కు చెందిన పీటర్ బక్లీ 2008లో విరమించేనాటికి 300 బౌట్లు ఆడి, 32 గెలిచి, 256 ఓడి, 12 డ్రా చేసుకున్నాడు. తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన నసీమ్ హమీద్ వంటివారు ఎదుగుతున్న రోజుల్లో అతనితో తలపడినవారే. దెబ్బ ఎలా కాచుకోవాలో, ఎదుటివాణ్ణి పట్టుకుని ఊపిరి ఎలా తీసుకోవాలో తెలిసిన అటువంటి ఓడేవాడితో ఆరు రౌండ్లు ఆడితే కుర్రవాడికి దక్కే చదువు, తొలి నిమిషంలోనే కూలిపోయే 8–0 వాడితో ఆడితే దక్కదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అమెరికా హెవీవెయిట్ బాక్సర్ డియాంటే వైల్డర్ 2015 జనవరికి ముందు ఆడిన 32 బౌట్లనూ నాకౌట్‌తోనే గెలిచాడు. వాటిలో ఒక్కటి కూడా నాలుగో రౌండ్ దాటలేదు. ఆ నెలలో బెర్మేన్ స్టివర్న్‌తో పన్నెండు రౌండ్లు ఆడి పాయింట్ల మీద ప్రపంచ టైటిల్ గెలిచేదాకా, అతనికి అంత దూరం దమ్ము నిలుస్తుందా అన్న సంగతి రింగ్‌లో తేలలేదు. చివరికి అతను గట్టివాడే అని రుజువైంది. కానీ 32 నాకౌట్ల రికార్డు మాత్రం ఆ సంగతి ముందుగా చెప్పలేకపోయింది.

బౌట్ మొదలయ్యాక కామెంటరీ శబ్దం తగ్గించి చూడమని నా సలహా. ప్రమోటర్ మోసుకొస్తున్న కుర్రవాణ్ణి కామెంటేటర్లు కూడా ఒక చెయ్యి వేసి మోస్తుంటారు. అతను జాబ్ (ముందున్న చేత్తో తిన్నగా విసిరే చురుకైన గుద్దు) విసిరిన తర్వాత ఎడమ చెయ్యి ఎక్కడికి తిరిగి వస్తుందో గమనించండి. గడ్డం దగ్గరికి తిన్నగా వస్తే సరే. ఛాతీ ఎత్తులో ఒక క్షణం వేలాడితే, ఈ రోజు ప్రత్యర్థికి ఆ సందు దొరక్కపోయినా మంచి కుడి చెయ్యి ఉన్నవాడికి ఏదో ఒకనాడు దొరుకుతుంది. తర్వాత, గట్టి దెబ్బ తగిలిన వెంటనే ఏం చేస్తాడో చూడండి. రోషం కొద్దీ కళ్లు మూసుకుని నాలుగు గుద్దులు విసిరేవాడికంటే, ఒక అడుగు పక్కకు వేసి మళ్లీ జాబ్‌తో మొదలుపెట్టేవాణ్ణి నేను ముందు వరుసలో ఉంచుతాను. మూడో రౌండ్ దాటాక మడమలు నేలకు అతుక్కుపోతున్నాయా, పాదాల మధ్య ఎడం పెరుగుతోందా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే అలసట ముఖంలో కంటే కాళ్లలో ముందు బయటపడుతుంది.

ఒక హెచ్చరిక. ఆఖరి నిమిషంలో ఒప్పుకుని వచ్చినవాడు ఓడడానికే వచ్చాడనుకోకండి. 2001 జూన్ 23న లాస్ వేగాస్‌లో ఆస్కార్ డి లా హోయా పోరుకు ముందు, దక్షిణాఫ్రికాకు చెందిన ప్రపంచ చాంపియన్ లెడ్వాబా మీదకు కేవలం రెండు వారాల ముందు పిలుపు అందుకుని వచ్చినవాడు మానీ పాక్వియావ్. ఆరో రౌండ్‌లో పోరు ముగిసింది, టైటిల్ చేతులు మారింది.

ప్రశ్న: నాలుగు రౌండ్ల బౌట్‌లో ఒక బాక్సర్ మొదటి రౌండ్‌లో ఒకసారి కిందపడ్డాడు, అయినా రెండు రౌండ్లు స్పష్టంగా గెలిచాడు. మాకు సమానమనిపించింది, జడ్జీలు ఓడాడన్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: న్యాయమే. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 వేస్తారు. ఓడిన రౌండ్‌లో ఒకసారి పడితే సాధారణంగా 8 అవుతుంది. చెరి రెండు రౌండ్లు గెలిచినా మీవాడికి 37, ఎదుటివాడికి 38 వస్తాయి. మొదటి రౌండ్‌లో పడినవాడు గెలవాలంటే మిగిలిన మూడూ గెలవాలి, అప్పుడు 38–37. అదే పది రౌండ్ల బౌట్ అయితే మిగిలిన తొమ్మిదింటిలో ఆరు గెలిస్తే చాలు. అందుకే చిన్న బౌట్లలో ఒక్క తప్పటడుగుకు అంత ఖరీదు. ఆ ఓటమిని బట్టి కుర్రవాణ్ణి కొట్టిపారేయనక్కరలేదు.

ప్రశ్న: అమెచ్యూర్ పతకాలున్న మనవాళ్లు ప్రొఫెషనల్ రంగంలో కూడా రాణిస్తారా? నిశాంత్ దేవ్, నీరజ్ గోయత్‌ల గురించి మీ అంచనా ఏమిటి?
– ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: అమెచ్యూర్ పతకానికి నేను గట్టి విలువే ఇస్తాను. అక్కడ ప్రత్యర్థిని ఎవరూ ఎంచి తీసుకురారు, చీటీల్లో ఎవరు వస్తే వారితోనే ఆడాలి. మన విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో శిక్షణ పొందిన నిఖత్ జరీన్ 2011లో ప్రపంచ జూనియర్ స్వర్ణం గెలిచినా, 2022, 2023లలో ప్రపంచ టైటిళ్లు గెలిచినా, ఆ దారిలో ఎదురైనవారిని ఆమె కోరి తెచ్చుకోలేదు. అయితే మూడు రౌండ్లలో వేగంగా పాయింట్లు దండుకునే ఆట వేరు, ఎనిమిదో రౌండ్‌లో బలం మిగుల్చుకుని ఆడడం వేరు.

గోయత్ 2024 నవంబరులో టెక్సస్‌లో టైసన్, జేక్ పాల్ పోరుకు ముందు బ్రెజిల్‌కు చెందిన విండర్సన్ నూనెస్‌పై ఆరు రౌండ్లూ గెలిచాడు. కానీ నూనెస్ పేరు తెచ్చుకున్నది హాస్యనటుడిగా. గెలుపు గెలుపే, దానితో బాక్సర్‌ను తూచలేం.

నిశాంత్ సంగతి వేరు. 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం, పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన ఆట అతనిది. 2025 జనవరిలో లాస్ వేగాస్‌లో మొదటి ప్రొఫెషనల్ బౌట్‌ను మొదటి రౌండ్‌లోనే ముగించాడు. ఆ విజయం కన్నులపండువే, కానీ అతని దమ్ము గురించి గానీ, దెబ్బ తిన్నప్పుడు చూపే నిబ్బరం గురించి గానీ అది ఏమీ చెప్పలేదు. పడకుండా నిలబడి, పక్కటెముకల మీద పనిచేస్తూ అతన్ని ఎనిమిదో రౌండ్‌లోకి లాగగల అనుభవజ్ఞుణ్ణి ఎదురు పెట్టిన రోజున, తెల్లవారుజామున అలారం పెట్టుకుని మరీ లేవండి.