తాతగారి ట్రంకుపెట్టెలో సర్కస్

ప్రశ్న: మా తాతగారు కుర్రతనంలో ఇల్లొదిలి వెళ్లి, చాలాకాలం సర్కస్‌లో డేరాలు వేసే పనిచేశారు. ఆయన ట్రంకుపెట్టెలో కరపత్రాలు, పులుల బొమ్మలున్న చిరిగిన పోస్టరు, రింగులో తీయించుకున్న గ్రూప్ ఫోటో దొరికాయి. ఫీట్లు చేసినవారు కాదుగా, ఇవన్నీ దాచి ఏం లాభం అంటున్నారు ఇంట్లో. అసలు సర్కస్‌కి మ్యూజియంలు ఉంటాయా?
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, ఒక్క కాగితం కూడా పారేయకండి. గ్రంథాలయంలో పాత కాగితాల మధ్య పనిచేసినదాన్ని, ఆ మాట గట్టిగానే చెబుతాను.

మ్యూజియంలు ఉన్నాయి. రష్యాలో ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్ సర్కస్ భవనంలో 1928లోనే ఒకటి పెట్టారు. అమెరికాలో రింగ్లింగ్ సోదరులు 1884లో సర్కస్ మొదలుపెట్టిన ఊరు బారబూ. చలికాలం సర్కస్ మకాం వేసిన ఆ చోటే 1959లో మ్యూజియం తెరిచి, ఊరేగింపు బండ్లను ఏరి తెచ్చి బాగుచేసి పెట్టారు.

మీరు తెలుసుకోవాల్సింది మాత్రం ఫ్లోరిడాలోని సరసోటా గురించి. హోవర్డ్ టిబ్బల్స్ అనే ఆయన 1956 నుంచి దశాబ్దాలపాటు ఒక పాత సర్కస్‌ను పదహారో వంతు కొలతలో బొమ్మగా కట్టాడు. ఇప్పుడది అక్కడి రింగ్లింగ్ మ్యూజియంలో ఉంది. మొత్తం 42,000 పైచిలుకు ముక్కలు, 152 బండ్లు, 7,000 మడతకుర్చీలు. రింగు ఒక్కటే కాదు, వంటడేరా, రైలు దిగే సామాను, మేకులు కొట్టే కూలీలు అన్నీ ఉంటాయి. పాత ఫోటోలు, కొలతలు ఎవరో ఒకరు దాచబట్టే అది సాధ్యమైంది. మీ తాతగారు చేసిన పని అక్కడ అద్దాల వెనక ఉంది.

మన దగ్గర విష్ణుపంత్ ఛత్రే 1880లో తొలి భారతీయ సర్కస్ నడిపారు, తలశ్శేరి దగ్గర కీలేరి కుఞ్ఞికణ్ణన్ 1901లో శిక్షణశాల పెట్టారు. మీ వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సొంత సర్కస్ నడిపారు; ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ డేరాకు మోకులు లాగినవాళ్ల పేర్లు అడగండి, ఒక్కరూ చెప్పలేరు. అందుకే మీ పెట్టె అంటే నాకింత ఆరాటం.

ముందు కరపత్రాల కాలం తేల్చండి. టికెట్టు ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కి ముందుది. నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్యది. తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోతే పాత పంచాంగాలతో సరిచూడండి. అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి, అవీ రాసుకోండి.

పులుల పోస్టరు చూసి మొహమాటపడొద్దు. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతులతో ఆటలను కేంద్రం 1998లో నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ నిషేధం సరైనదేనని నా అభిప్రాయం. అయినా అప్పుడేం జరిగేదో చెప్పే సాక్ష్యం ఆ పోస్టరే.

చిరుగులకు సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు కొన్నాళ్లకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. మడతలు మెల్లగా విప్పి, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి పెట్టండి. అటక మీద వద్దు, అక్కడ వేడి ఎక్కువ. ప్రతిదాన్నీ రెండువైపులా ఫోటో తీయండి.

గ్రూప్ ఫోటో మాత్రం ఈ వారమే మీ అమ్మగారికో, ఇంట్లో పెద్దవాళ్లకో చూపించండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ ఊరువాళ్లో, ఏం పనిచేసేవారో అడిగి వేరే కాగితం మీద రాయండి. ఫోటో వెనక రాయక తప్పకపోతే మెత్తని పెన్సిల్‌తో అంచున రాయండి, బాల్‌పెన్ను వాడొద్దు.